పార్ట్‌టైమ్ అనే తిట్టు

“పార్ట్‌టైమా?”

మూడేళ్ల కిందట ఒక సెమినార్‌లో నా పోస్టర్ ముందు ఆగిన పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్న అది. ఆఖరి ప్రశ్న కూడా అదే. పోస్టర్ మీదున్న స్పెక్ట్రమ్ వైపు ఆయన చూడనే లేదు. నా మెడలో బ్యాడ్జి మీద కంపెనీ పేరు చదివి, కళ్లజోడు పైకి తోసుకుని, ఆ ఒక్క మాటా అని పక్క పోస్టర్ దగ్గరికి వెళ్లిపోయారు. అక్కడ నిలబడింది యూనివర్సిటీ కుర్రాడు. అతని పోస్టర్ బాగానే ఉంది, ఆ సంగతి వేరు.

ఆ మాట చివరి ప్రశ్నార్థకం మర్యాద కోసం పెట్టింది. లోపలున్నది తీర్పు. పార్ట్‌టైమ్ అంటే మనవాళ్ల లెక్కలో సగం పని, సగం బుర్ర. కంపెనీలో జీతం తీసుకుంటూ పరిశోధన చేస్తానంటే యూనివర్సిటీ వాళ్లు “వాళ్లకి డాక్టరేట్ ఒక అలంకారం” అంటారు. కంపెనీ వాళ్లు “పేపర్లు రాసుకునే తీరిక ఉందంటే చేతిలో పని లేదన్నమాట” అంటారు. ఇంట్లోవాళ్లు “రెండు పడవల మీద కాళ్లెందుకే నీకు” అంటారు. ఈ మూడు వర్గాలకీ మామూలుగా ఏ విషయంలోనూ పొత్తు కుదరదు. ఇక్కడ మాత్రం ముగ్గురిదీ ఒకటే పాట: ఉద్యోగంలో చేరాక పరిశోధన జోలికి పోకూడదు, పోయినా అది పరిశోధన కాదు.

పందొమ్మిదేళ్లుగా హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ కంపెనీల్లో కెమిస్టుగా పనిచేస్తున్నాను. అందులో ఏడేళ్లు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ కూడా చేశాను. నన్ను చూసి జాలిపడమని ఇది రాయడం లేదు. ఆ పాట అబద్ధం కాబట్టి రాస్తున్నాను.

ముందు అందులో నిజమున్న చరణం ఒప్పేసుకుందాం. పేరుకు ముందు ‘డా.’ తగిలించుకోవడానికే చేసే పీహెచ్‌డీలు ఉన్నాయి. యూనివర్సిటీ గేటు ఎదురుగా జిరాక్స్ షాపుల్లో ‘థీసిస్ టైపింగ్, బైండింగ్’ అని బోర్డు ఉంటుంది. లోపలికెళ్లి గొంతు తగ్గించి అడిగితే ఇంకో సేవ కూడా దొరుకుతుంది. అక్కడికి వెళ్లేవాళ్లలో కంపెనీ మనుషులు లేరని నేననను. అయితే నాకు డాక్టరేట్ వచ్చాక జీతం ఒక్క రూపాయి పెరగలేదు. విజిటింగ్ కార్డు మారింది, అదీ నేను రెండుసార్లు అడిగితే. డిగ్రీ కాగితానికి ప్రమోషన్ వేలాడేది బోధన ఉద్యోగాల్లో. దొంగ థీసిస్ అవసరం ఎవరికి ఎక్కువో చదువుకున్నవాళ్లే చెప్పాలి.

ఫుల్‌టైమ్ పవిత్రత సంగతీ చూద్దాం. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చిన స్కాలర్‌కి 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. వచ్చినవాళ్లు అదృష్టవంతులు. రానివాళ్లు పొద్దున ప్రైవేటు డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరర్, సాయంత్రం కోచింగ్ సెంటర్లో కెమిస్ట్రీ సారు. ఆ రెంటి మధ్య దొరికిన గంటల్లో ల్యాబ్. ఇవి కాక గైడు గారి ఇంట్లో పెళ్లి జరిగితే శుభలేఖల పంపకం. ఫుల్‌టైమ్ అనేది వాళ్ల హాజరుపట్టీలో ఉండే మాట. వాళ్లని తక్కువ చేయడం లేదు. వాళ్లూ ఉద్యోగం చేస్తూనే పరిశోధన చేస్తున్నారు, ఆ ఉద్యోగానికి ఐడీ కార్డు లేదంతే.

ఇక అసలు విషయానికి వస్తాను. పరిశోధనకి కావలసిన మొదటి సరుకు ప్రశ్న. అది లైబ్రరీలో, జర్నల్ పేజీల మధ్య పుడుతుందని ఎదుటివాళ్ల నమ్మకం. నాకు దొరికింది 3 కిలోలీటర్ల రియాక్టర్ పక్కన.

వానాకాలం. ఒక మందు చివరి దశ బ్యాచ్‌లలో కొత్త ఇంప్యూరిటీ కనబడటం మొదలైంది. హెచ్‌పీఎల్‌సీ గ్రాఫులో మందు పీక్ పక్కన చిన్న బొడిపె, 0.12 శాతం. బయటివాళ్లకి అదొక లెక్కా అనిపిస్తుంది. మా లోకంలో, రోజుకి 2 గ్రాముల లోపు వేసుకునే మందులకి, 0.10 శాతం దాటిందంటే అది ఏ పదార్థమో కనిపెట్టి తీరాలి. అంతర్జాతీయ నియమం అది. ఈ పీక్ ఒక బ్యాచ్‌లో వస్తుంది, తర్వాతి రెంటిలో రాదు, మళ్లీ వస్తుంది. క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ) వాళ్లు కాలమ్ మార్చి చూశారు. ప్రొడక్షన్ వాళ్లు క్యూసీనే అనుమానించారు, అది వాళ్ల జన్మహక్కు. మీటింగులయ్యాయి, మీటింగుల మీద మీటింగులయ్యాయి.

ఒక రాత్రి షిఫ్టులో ఆపరేటర్ ఒకాయన నా దగ్గరికొచ్చాడు. మెదక్ వైపు మనిషి, నాకంటే పదేళ్ల ముందు నుంచీ ఆ బ్లాకులో ఉన్నాడు. “మేడం, రికవరీ డ్రమ్ములు వాడిన నాడే గిట్లయితంది. గా డ్రమ్ముల వాసనే వేరుంటది” అన్నాడు. ఒకసారి వాడిన అసిటోన్‌ని పారబొయ్యరు. డిస్టిల్ చేసి మళ్లీ వాడతారు, ఖర్చు కలిసొస్తుంది. ఆ డ్రమ్ము మూత తీయగానే ఆయన చెప్పింది నిజమని తెలిసింది. అసిటోన్ ఘాటు కింద ఇంకో వాసన, కొంచెం తియ్యగా, తేనెసీసా మూత తీసినట్టు.

మర్నాడు మాస్ స్పెక్ట్రమ్ తీయించాను. ఇంప్యూరిటీ అణుభారం మందు అణుభారం కంటే సరిగ్గా 98 ఎక్కువ. రెండు అసిటోన్ అణువులు కలిసి ఒక నీటి అణువుని వదిలేస్తే మెసిటైల్ ఆక్సైడ్ అవుతుంది. దాని అణుభారం 98. రికవరీకి పోయే ద్రావణంలో ఆమ్లం జాడ మిగిలిపోయి, డిస్టిలేషన్ కాలమ్‌లో వేడి తగిలి, అక్కడ అది తయారవుతోంది. మా మందులోని అమైన్ దాన్ని పట్టుకుంటోంది. రికవరీకి ముందు ఆమ్లాన్ని తటస్థం చెయ్యాలని, రికవరీ అసిటోన్‌లో మెసిటైల్ ఆక్సైడ్ ఇంతకు మించకూడదని కాగితం రాశారు. సంతకాలు పడ్డాయి. ఫైలు మూసేశారు.

నాకు మాత్రం మూతపడలేదు. అదే బ్లాకులో, అదే రికవరీ అసిటోన్‌తో ఇంకో మందు తయారవుతోంది. దాంట్లోనూ అమైన్ ఉంది. దాంట్లో ఈ పీక్ ఎన్నడూ రాలేదు. ఎందుకు రాలేదు? రావలసినచోట రాకపోవడం మీద డీవియేషన్ రిపోర్టు ఎవరూ రాయరు. అందుకే ఆ ప్రశ్న ఏ ఫైల్లోనూ లేదు. నా థీసిస్ రెండో అధ్యాయంలో ఉంది.

యూనివర్సిటీ స్కాలర్‌కి ఈ ప్రశ్న తట్టే దారే లేదు. తెలివి తక్కువై కాదు. అతని చేతిలో ఉండేది సీలు తీయని కొత్త సీసా. ఆ అసిటోన్‌లో సగం గ్లాసుసామాను కడగడానికే పోతుంది. రికవరీ డ్రమ్ము వాసన అతనికి ఎవరు చూపిస్తారు? అలాగని కంపెనీలో కూర్చుని జవాబూ కనుక్కోలేకపోయేదాన్ని. రియాక్షన్ ఏ వేడి దగ్గర ఎంత వేగంతో నడుస్తోందో వారాల తరబడి కొలవాలి, ఎన్‌ఎంఆర్ యంత్రం నా కోసం ఖాళీగా ఉండాలి. మా గైడు గారు మొదటిరోజు “ఇది ఫ్యాక్టరీ గొడవ కదమ్మా, ఇందులో కెమిస్ట్రీ ఏముంది?” అన్నారు. రెండోరోజు మూడు ప్రశ్నలు వేశారు. మూడిట్లో ఒక్కటి కూడా అప్పటిదాకా నాకు తట్టలేదు. ఆయన లేకపోతే నేను డ్రమ్ముల దగ్గరే ఆగిపోయేదాన్ని.

తేలిందేమిటంటే, రెండో మందులోనూ మెసిటైల్ ఆక్సైడ్ అమైన్‌కి అతుక్కుంటోంది. కాకపోతే ఆ బంధం బలహీనం. డ్రయ్యర్లో ఎండబెట్టే వేడికి విడిపోయి ఎగిరిపోతోంది. అంటే ఇన్నాళ్లూ ఆ మందుని కాపాడుతున్నది డ్రయ్యర్. ఆ సంగతి డ్రయ్యర్‌కీ తెలియదు, మాకూ తెలియదు. ఏడాదిన్నర తర్వాత స్టీమ్ ఖర్చు తగ్గించాలని ప్రొడక్షన్ వాళ్లు ఆ డ్రయ్యర్ వేడిని తగ్గిద్దామన్నారు. ఆ మీటింగుకి థీసిస్ పేజీలు రెండు ప్రింటు తీసుకెళ్లాను. ప్రతిపాదన అక్కడే ఆగింది.

“సరే, బాగుంది. ఇవి చిన్న ప్రశ్నలు. పెద్ద సైన్సు ఇలా పుట్టదు” అంటారు. ఈ మాట అనే ప్రొఫెసర్ల శిష్యుల థీసిస్‌లు తీసి చూడండి, చాలావాటిలో ఎక్కడో ఒకచోట టీ-టెస్ట్ ఉంటుంది. ‘స్టూడెంట్స్ టీ’ అని రాస్తారు. ఆ స్టూడెంట్ ఎవరు? డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి, విలియం సీలీ గాసెట్. 1899లో అక్కడ చేరాడు. బార్లీ, హాప్స్ నాణ్యత చూడాలంటే అతని చేతికొచ్చేవి నాలుగో ఐదో శాంపిళ్లు. అప్పటి గణాంకశాస్త్రానికి వందలకొద్దీ కొలతలుంటే తప్ప నోరు పెగలదు. బీరు కంపెనీ అన్ని కొలతలు తెచ్చివ్వదు. నాలుగు శాంపిళ్లతో ఎంత ధైర్యంగా మాట్లాడొచ్చు అన్నది అతని ప్రశ్న. కంపెనీయే అతన్ని 1906లో లండన్‌కి, కార్ల్ పియర్సన్ దగ్గరికి పంపింది. 1908లో బయోమెట్రికా పత్రికలో పేపర్ వచ్చింది. ఆ ప్రశ్న బీరు కంపెనీలో పుట్టింది, యూనివర్సిటీలో పదును తేలింది, తర్వాత గణాంకవేత్త ఫిషర్ చేతిలో శాస్త్రమైంది. గాసెట్ మాత్రం 1937లో చనిపోయేదాకా గిన్నెస్ మనిషిగానే ఉన్నాడు. ఒక్క చిన్న కొలతల సమస్య అది. ఇవాళ మందు పనిచేస్తుందో లేదో, ఎరువు పనిచేస్తుందో లేదో తేల్చడానికి ప్రపంచమంతా దాన్నే పట్టుకుంటోంది.

మా ల్యాబులో మాస్ స్పెక్ట్రోమీటర్ చూసినప్పుడల్లా నాకు కొయిచి తనాకా గుర్తొస్తాడు. క్యోటోలో షిమాజు అనే పరికరాల కంపెనీ ఇంజనీరు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో బ్యాచిలర్ డిగ్రీ, పీహెచ్‌డీ లేదు. 1985లో కోబాల్ట్ పొడిలో పొరపాటున గ్లిజరిన్ కలిపేశాడు. పారబొయ్యడానికి మనసొప్పక అలాగే వాడి చూశాడు. లేజర్ తగిలినా ముక్కలు కాకుండా పెద్ద అణువులు ఎగరడం కనబడింది. 2002లో కెమిస్ట్రీ నోబెల్. అతనికి ‘పార్ట్‌టైమ్’ అనిపించుకునే అర్హత కూడా లేదు, ఎందుకంటే ఏ యూనివర్సిటీలోనూ పీహెచ్‌డీకి రిజిస్టర్ కాలేదు.

జపాన్‌లో ఇంకో పద్ధతి ఉంది. యూనివర్సిటీలో చేరకుండానే, ఉద్యోగంలో ఉండి చేసిన పని మీద థీసిస్ రాసిస్తే పరీక్షించి డాక్టరేట్ ఇస్తారు. నీలి ఎల్‌ఈడీ తయారుచేసిన నకామురా నిచియా కంపెనీలో ఉండగానే 1994లో తోకుషిమా యూనివర్సిటీ డాక్టరేట్ తీసుకున్నాడు. నా పోస్టర్ ముందు ఆగిన ఆ పెద్దాయన క్యోటోలో తనాకానీ, తోకుషిమాలో నకామురానీ కలిసుంటే ఏమడిగేవారో!

దూరపు కొండలెందుకు, మనవాడి సంగతి మాట్లాడదాం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఫొటోకి మనం దండలు వేస్తాం. ఆయన కథ చెప్పేటప్పుడు హార్వర్డ్ దగ్గరే ఎక్కువసేపు ఆగుతాం. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి, తర్వాత కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ. నిజంగానే ఘనమైన పని. అన్నేళ్లు పనిచేసినా హార్వర్డ్ ఆయనకి స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదని బాధపడతాం, అదీ నిజమే. తర్వాతి వాక్యాన్ని మాత్రం మనం గబగబా చదివేస్తాం. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌కి, లెడర్లీ ల్యాబొరేటరీస్‌కి వెళ్లిపోయాడు. అది మందుల కంపెనీ. అమ్మకాలు, లాభాలు, వాటాదార్లు ఉన్న కంపెనీ. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది ఆయన నడిపిన ఆ కంపెనీ బృందమే. ఆ ఫోలిక్ ఆమ్లానికి ఎదురు నిలిచే అమినోప్టెరిన్ అక్కడి నుంచే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ చేతికి వెళ్లింది. బ్లడ్ క్యాన్సర్ పిల్లల్లో జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గిందని 1948లో ఫార్బర్ ప్రకటించాడు. ఇవాళ కీళ్లవాతానికీ క్యాన్సర్‌కీ వాడే మెథోట్రెక్సేట్‌ది అదే కుటుంబం. డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కనిపెట్టింది కూడా ఆ కంపెనీలో, ఈయన పరిశోధనకి పెద్దగా ఉన్న రోజుల్లోనే. బోదకాలుకి హెట్రజాన్ అక్కడే వచ్చింది. గోదావరి జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి ఎదురుగా నిలబడి మింగించిన డీఈసీ మాత్ర అదే మందు. 53 ఏళ్లకే, 1948 ఆగస్టులో పోయాడాయన. ‘కంపెనీలో చేరితే సైంటిస్టు చచ్చిపోయినట్టే’ అనేవాళ్లు ఆయన ఫొటో కింద నిలబడి ఆ మాట అనకపోతే మేలు.

ఇక్కడ ఎదుటివాళ్లలో తెలివైనవాడు లేచి ఒక మాట అంటాడు. “సుబ్బారావు గారికి కంపెనీ జీతమిచ్చిందే పరిశోధనకి. నీకు జీతమిచ్చేది బ్యాచ్‌లు బయటికి పంపడానికి. ఈ పోలిక చెల్లదు.” న్యాయమైన మాట. అందుకే ఆఫీసు గంటల తర్వాత పరిశోధన చేసిన ఒక గుమాస్తా దొర సంగతి చెప్పాలి. ఐన్‌స్టీన్ పేటెంట్ ఆఫీసు కథ అందరూ అరగదీశారు, దాన్ని వదిలేద్దాం. విశాఖపట్నంలో బడి చదువు పూర్తిచేసిన చంద్రశేఖర వెంకట రామన్ 1907లో కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరాడు. పదేళ్లు ప్రభుత్వ జమాఖర్చులు చూశాడు. ఆఫీసుకి ముందు, ఆఫీసు తర్వాత బౌబజార్ వీధిలోని సైన్స్ అసోసియేషన్‌కి వెళ్లి వీణ తీగెల కంపనాలూ, కాంతీ, ధ్వనీ పరిశీలించాడు, విదేశీ పత్రికల్లో పేపర్లు వేశాడు. 1917లో కలకత్తా యూనివర్సిటీ పాలిత్ ప్రొఫెసర్‌గా తక్కువ జీతానికి వెళ్లిపోయాడు. “చూశావా, చివరికి ఉద్యోగం మానేశాడు” అంటారు. ఆ కుర్చీ ఎందుకొచ్చిందో మరి చెప్పరు. జమాఖర్చులు మాత్రమే చూసిన అకౌంటెంట్‌ని పిలిచి ఫిజిక్స్ ప్రొఫెసర్‌ని చేసే యూనివర్సిటీ భూమ్మీద లేదు. ఆ పదేళ్ల పొద్దుటి గంటలూ రాత్రి గంటలూ ఆయన్ని ఆ కుర్చీ దాకా తీసుకొచ్చాయి.

ఈ కథ చెప్పే మగవాళ్లెవరూ చెప్పని ఒక సంగతి ఉంది. రామన్ ఇంట్లో ఆయన భార్య లోకసుందరి గారు ఉన్నారు. నా ఇంట్లో మా అత్తగారు ఉన్నారు. “రెండు పడవలు” అన్నది ఆవిడే. నాలుగున్నరకి అలారం మోగితే ముందు లేచి పాలు కాచిందీ ఆవిడే. ఆరుంబావుకి మియాపూర్‌లో కంపెనీ బస్సు ఎక్కేలోపు నాకు దొరికేది గంటన్నర. ఏడేళ్లపాటు ఆ గంటన్నర మీద బతికాను. ఇందులో గొప్పేమీ లేదు, ఎవరూ ఇలా చెయ్యాలనీ అనను. రామన్ కథని పిల్లలకి పట్టుదల పాఠంగా చెప్పడం నాకు నచ్చదు. కష్టం గొప్పదంటే కష్టం పెట్టినవాడికి తప్పు లేనట్టు అవుతుంది. వారానికి ఒక్క రోజు ల్యాబుకి పోనిస్తే ఏడేళ్ల పని నాలుగేళ్లలో అయ్యేది, అత్తగారి నిద్రా మిగిలేది.

కంపెనీ వాళ్ల అసలు భయం టైము గురించి కాదు, రహస్యం గురించి. పేపర్ వేస్తే గుట్టు పోతుందంటారు. గిన్నెస్‌కీ 1908లో ఇదే భయం ఉంది. వాళ్లేం చేశారు? కంపెనీ పేరు రాకూడదు, ఉద్యోగి పేరు రాకూడదు అన్నారు. గాసెట్ ‘స్టూడెంట్’ అయింది అందుకే. శాస్త్రం బయటికొచ్చింది, బీరు రెసిపీ లోపలే ఉండిపోయింది. పైగా మన కంపెనీలన్నీ వేసే పేటెంట్లు 18 నెలలకి ప్రచురణ అవుతాయి, ఎవరైనా చదువుకోవచ్చు. దాచవలసినవి ఉంటాయి, కాదనను. ఎవరి దగ్గర ముడిసరుకు కొంటున్నామో, కిలో ఎంతకి దిగుతోందో దాచుకోండి. అమైన్‌కీ మెసిటైల్ ఆక్సైడ్‌కీ మధ్య జరిగేది ప్రకృతి రహస్యం, దాని మీద కంపెనీకి హక్కేమిటి? నా మొదటి పేపర్ లీగల్ డిపార్ట్‌మెంటులో 14 నెలలు కూర్చుంది. మందు పేరు అప్పటికే నేనే తీసేశాను. 14 నెలల పరిశీలన తర్వాత వాళ్లు కొట్టేసింది ఒకే ఒక్క సంఖ్య, రియాక్టర్ ఎన్ని కిలోలీటర్లదో. (పైన నేను రాసిన సంఖ్య అసలుది కాదు, లీగల్ వాళ్లు కంగారు పడనక్కర్లేదు.)

‘ఎందుకు’ అని అడగడం కంపెనీకి అనవసరం అనుకునేవాళ్లకి 2018 గుర్తుచేస్తాను. రక్తపోటుకి వాడే వాల్సార్టన్‌లో ఎన్‌డీఎంఏ అనే క్యాన్సర్ కారకం బయటపడి, ఆ ఏడాది జూలై నుంచి దేశదేశాల్లో మందుల షాపుల నుంచి వెనక్కి తెప్పించారు. కారణం తవ్వితే చైనాలోని ఒక కంపెనీ దిగుబడి పెంచడానికి అప్పటికి ఆరేళ్ల కిందట చేసిన మార్పు. డీఎంఎఫ్ అనే సాల్వెంట్ వాడారు. మిగిలిన ఎజైడ్‌ని చంపడానికి సోడియం నైట్రైట్ పోశారు. డీఎంఎఫ్ నుంచి వచ్చే డైమిథైలమైన్‌కి నైట్రస్ ఆమ్లం తగిలితే నైట్రోసమైన్ వస్తుంది. ఇది బీఎస్సీ పాఠం, పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న. దిగుబడి పెరిగింది, స్పెసిఫికేషన్‌లో అడిగినవన్నీ పాసయ్యాయి. స్పెసిఫికేషన్‌లో లేనిదాన్ని ఎవరూ వెతకలేదు. ఆ తర్వాత హైదరాబాద్ కంపెనీల్లో మేమంతా ప్రతి మందు ప్రతి దశా ముందేసుకుని ఎక్కడ అమైన్ ఉంది, ఎక్కడ నైట్రైట్ ఉంది అని నెలల తరబడి పట్టికలు నింపాం. ఆ పట్టిక నింపిన రాత్రుల్లో నాకు అనిపించింది, ఒక్కడు, ఎక్కడో ఒక్కడు, పని అయిపోయాక కూడా కుర్చీలోంచి లేవకుండా ‘ఇందులో ఇంకేం తయారవుతుంది’ అని ఆలోచించి ఉంటే! ఆ అలవాటు శిక్షణ తరగతులతో రాదు. ప్రశ్న పట్టుకుని ఏళ్ల తరబడి తిరిగినవాళ్లకి వస్తుంది.

విచిత్రం ఇంకోటి ఉంది. 2020-21లో మన దేశం పరిశోధన మీద పెట్టిన ఖర్చు జీడీపీలో 0.64 శాతం. అందులో ప్రైవేటు రంగం వాటా మూడోవంతుకి కొంచెం పైన. అమెరికా, జపాన్, దక్షిణ కొరియాల్లో అయితే 70 శాతం పైనే కంపెనీలది. మన కంపెనీలు పరిశోధన చెయ్యవని ప్రొఫెసర్లు ప్రతి సదస్సులోనూ బాధపడతారు. ఆ కంపెనీల నుంచే ఒకళ్లు నడిచొచ్చి నేను చేస్తానంటే ‘పార్ట్‌టైమా?’ అంటారు. ఏది కావాలో ముందు వాళ్లు తేల్చుకోవాలి.

రూల్స్‌లో దారి ఉంది. యూజీసీ 2022 నిబంధనలు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీని ఒప్పుకున్నాయి. కంపెనీ నుంచి ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) తేవాలి. చదువుకోవడానికి అనుమతిస్తున్నామని, ఉద్యోగ బాధ్యతల మధ్య పరిశోధనకి తగినంత సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్సువర్కుకి డ్యూటీ నుంచి వదిలిపెడతామని అందులో రాసివ్వాలి. మా జూనియర్ ఒకమ్మాయి ఆ కాగితం పట్టుకుని హెచ్‌ఆర్ చుట్టూ తిరుగుతోంది. మొదటి రెండు ముక్కలకీ వాళ్లకి అభ్యంతరం లేదట. మూడోది తీసేస్తే సంతకం పెడతారట. మూడోది తీసేస్తే యూనివర్సిటీ తీసుకోదు. ఆ పిల్లకి పాలిమార్ఫ్‌ల మీద మంచి ఐడియా ఉంది. ఒకే మందు రెండు రకాల స్ఫటికాలుగా ఎందుకు గడ్డకడుతోందో మా ప్లాంటులో తను చూసినంత దగ్గరగా ఎవరూ చూడలేదు. వచ్చే అడ్మిషన్ నోటిఫికేషన్ దాకా ఆగుతానంది. పెళ్లిచూపులు కూడా నడుస్తున్నాయి, ఏది ముందవుతుందో చూడాలి.

ఇన్నీ దాటినా ఇంకో తలుపు ఉంటుంది. ఒక పేపర్ చదవాలంటే జర్నల్ వెబ్‌సైట్ 30, 40 డాలర్లు అడుగుతుంది. ఒక్క పేపర్‌కి. ఒక చిన్న అధ్యాయం రాయాలంటే కనీసం వంద పేపర్లు చదవాలి. 2024 నవంబరులో కేంద్రం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అని పథకం పెట్టింది. మూడేళ్లకి 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పత్రికలు. చాలా మంచి పని, సందేహం లేదు. పేరులో నేషన్ అని ఉంది గానీ, తలుపు తెరిచింది ప్రభుత్వ విద్యాసంస్థలకీ కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థలకీ. జీడిమెట్లలో, బొల్లారంలో, జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీలో ఆరు కాలమ్‌లు ముందేసుకుని కూర్చున్న కెమిస్టు ఆ నేషన్‌లో లేడు.

పీహెచ్‌డీ చేస్తున్నన్నాళ్లూ నాకు యూనివర్సిటీ లాగిన్ ఉండేది. డిగ్రీ చేతికిచ్చిన నెలలోనే అది ఆగిపోయింది. ఇప్పుడు మా అన్నయ్య కొడుకు దిక్కు. వాడొక ప్రభుత్వ యూనివర్సిటీలో ఫుల్‌టైమ్ స్కాలర్. రాత్రి పదింటికి ఫోన్ చేసి “అత్తా, ఏం కావాలో లిస్టు పంపు” అంటాడు. నిన్న రెండు పేపర్లు చదివి వినిపించాడు, మూడోది దొరకలేదన్నాడు. వాడి థీసిస్ వచ్చే మార్చిలో సబ్మిట్ చేస్తున్నాడు. ఆ తర్వాత ఎవర్ని అడగాలో ఇంకా చూసుకోలేదు.